ఉరుగ్వే ఆటగాండ్రును మన ఆటగంటయును

ఆటను గూర్చి వ్రాయబూనుట యీ పత్రికా చదువరులలో కొందఱికి వింతగా దోపవచ్చును. విద్యావ్యాప్తి, స్త్రీల హక్కులు, కులభేద నిర్మూలనము మున్నగు విషయములు చర్చింపబడు పుటలలో కాలితో బంతిని దన్నువారి ముచ్చటకు చోటెట్లు దొరకినదని వారడుగవచ్చును. అట్టివారిని కొంచెము సేపు ఓపిక పట్టవలసినదిగా వేడుచున్నాము. మేము చెప్పబోవు బంతియాట యొక పాఠశాలలో మొలకెత్తినది. దాని కథలో మొదట కనబడువాడు ఒక బడిపంతులు. నిన్న మొన్నటివఱకు నడపినవాడును ఒక బడిపంతులే. నడుమ వచ్చువారిలో బానిసల సంతతివారు కలరు, రాళ్లు చెక్కువారు కలరు, చేయి తెగిన వాడొకడు కలడు. కావున నిది మన విషయమే.

ఇది వ్రాయుటకు కారణమును చెప్పెదము. మేము పనిచేయు పాఠశాలలో వారమునకు మూడు ఆటగంటలు కలవు. ఈ మధ్య జరిగిన తల్లిదండ్రుల సభలో, పదవ తరగతి పిల్లలకు ఆ మూడు గంటలును తీసివేసి లెక్కలకును సామాన్యశాస్త్రమునకును ఇయ్యవలెనని చాలమంది కోరిరి. వారిలో ఒక పెద్దమనిషి, చదువుకొన్నవారే, లేచి "ఆటలాడి బాగుపడిన దేశమేదైన నున్నదా మాస్టారూ?" అని మమ్మడిగిరి. సభలో పలువురు నవ్విరి. ప్రశ్న ఎత్తిపొడుపుగా అడిగినదే కాని, ప్రశ్న మంచిది. దానికి నాలుగు మాటలలో జవాబు చెప్పవలనుపడదు గనుక ఇచ్చట చెప్పుచున్నాము. మా జవాబు ఉరుగ్వే.

దక్షిణ అమెరికాలో బ్రెజిలు, అర్జెంటీనా యను రెండు మహాదేశముల నడుమ ఇఱుకుకొని యున్న చిన్న దేశమిది. వైశాల్యము నేటి ఆంధ్రప్రదేశమునకంటె కొంచెము హెచ్చు. జనము మాత్రము సుమారు 35 లక్షలు. 2011 జనాభా లెక్కలలో ఒక్క హైదరాబాదు జిల్లాలోనే 39 లక్షల జనముండిరి. ఇట్టి దేశపు పురుషుల ఫుట్‌బాలు జట్టు 1924, 1928 ఒలింపిక్సులలో బంగారు పతకములను, 1930, 1950 సంవత్సరములలో ప్రపంచ కప్పును, దక్షిణ అమెరికా ఖండపు పోటీలను పదునైదు మాఱులును గెలిచినది. ప్రపంచ కప్పు గెలిచిన దేశములన్నిటిలో జనసంఖ్యచే మిక్కిలి చిన్నది యిదియే. ఇంత చిన్నదాని కింత బలమెక్కడిది? ఆకాశమునుండి ఊడిపడలేదు గదా!

మేము దీనికి వెదకిన కారణములలో మొదటిది బడి. 1877వ సంవత్సరమున హోసే పెద్రో వరేలా యను సంస్కర్త పట్టుదలచే ఆ దేశమున ప్రాథమికవిద్య ఉచితముగను నిర్బంధముగను ఇయ్యవలెనను శాసనము వెలువడినది. వరేలా మఱి రెండేండ్లకే, ముప్పదినాలుగేండ్ల వయస్సున మరణించెను. కాని బడులు నిలిచినవి. ఆ దేశమునకు వలసవచ్చిన ఇటలీవారి బిడ్డలు, స్పెయినువారి బిడ్డలు, అచ్చటి నల్లవారి బిడ్డలు ఒకే బల్లపై కూర్చుండుట కలవాటుపడిరి. సరిగా ఆ కాలముననే, అనగా 1885 ప్రాంతమున, విలియం లెస్లీ పూల్ అను ఉపాధ్యాయుడు రాజధానియగు మాంటివిడియోలోని ఆంగ్ల పాఠశాలకు వచ్చెను. ఆయన తన శిష్యులకు వ్యాకరణముతో పాటు బంతిని కూడ ఇచ్చెను. 1891లో ఆ పాఠశాల విద్యార్థులే ఆల్బియను అను క్లబ్బును స్థాపించిరి. ఉరుగ్వే ఫుట్‌బాలుకు తండ్రి యని నేటికిని ఆయననే చెప్పుదురు. అదే యేట రైల్వే పనివారును తమకొక క్లబ్బును ఏర్పఱచుకొనిరి. 1899లో స్వదేశీయులగు విద్యార్థులు నసియొనాల్ అను మఱియొక క్లబ్బు స్థాపించిరి. దొరలతో వచ్చిన యాట ఇట్లు దొరల చేతినుండి జాఱి వీధిలో పడినది. మన దేశమున క్రికెట్టు చరిత్ర తెలిసినవారికి ఇది వింత గాదు.

రెండవ కారణము ప్రభుత్వము. హోసే బాత్లె యి ఒర్దోన్యెస్ అను రాజనీతిజ్ఞుడు రెండు మాఱులు దేశాధ్యక్షుడుగా నుండెను. ఆయన యేలుబడిలోను, ఆయన పక్షమువారి యేలుబడిలోను జరిగిన పనులను మన సంస్కారప్రియులు వినదగును. 1907లో మరణశిక్ష రద్దయినది; ఆ యేడే విడాకుల శాసనము వచ్చినది. 1913లో, స్త్రీ తన యిష్టముచేతనే, కారణము చెప్పనక్కఱలేకయే, విడాకులు కోరుకొనవచ్చునని దానిని సవరించిరి. 1912లో స్త్రీలకై విశ్వవిద్యాలయ శాఖ తెఱచిరి. 1915లో పనివారికి దినమునకు ఎనిమిది గంటలకంటె మించి పనిచేయించరాదని శాసించిరి. ఈ వరుసలోనే 1911లో శారీరకవిద్యకై జాతీయసంఘమును ఏర్పఱచి, ఊళ్లలో పిల్లలకు ఆటస్థలములు కట్టించిరి. ఎనిమిది గంటల పని, ఆటస్థలము, ఈ రెంటి సంబంధమును చదువరులే యూహింపగలరు. సాయంకాలము తీఱిక లేని పనివాని కొడుకునకు బంతి యెందుకు? తీఱిక కలిగినను నేల లేనివాడు ఎచ్చట నాడును? ఆ దేశమువారు ఈ రెండును సమకూర్చిరి.

ఇక మూడవ కారణము. మాకు అన్నిటికంటె ముఖ్యమైనది ఇదియే. 1916లో దక్షిణ అమెరికా దేశముల మొదటి పోటీ బ్యూనస్ ఐరెస్ నగరమున జరిగినది. ఉరుగ్వే జట్టు చిలీ జట్టును నాలుగు గోళ్లతో ఓడించెను. అందు రెండు గోళ్లు ఇసబెలీనో గ్రదీన్ అను నల్లజాతి యువకునివి. హువాన్ దెల్గాదో అను మఱియొక నల్లవాడును ఆ జట్టులో నుండెను. మఱునాడు చిలీవారు, ఉరుగ్వే తన జట్టులో ఇద్దఱు ఆఫ్రికనులను ఆడించినది గావున ఆ ఫలితము చెల్లదని ఫిర్యాదు చేసిరి. వారిద్దఱును ఉరుగ్వేలోనే పుట్టినవారు. ఫిర్యాదు నిలువలేదు, ఆ పోటీలో గెలిచినది ఉరుగ్వేయే. ఆనాడు ఆ ఖండమున ఇతర దేశముల జట్లలో నల్లవాడు కనబడుట యరుదు. తక్కినవారు తమ జనములో కొంత భాగమును గీతకు వెలుపల నిలబెట్టి ఆడుచుండగా, ఈ చిన్న దేశము తనకున్న కొద్దిమందిలో ఎవ్వరిని వెలివేయక ఆడినది. పదిమందిలో నలుగురిని తీసివేసి ఆఱుగురిలోనుండి వీరుని వెదకువాడు తెలివిగలవాడా, పదిమందిలోను వెదకువాడు తెలివిగలవాడా? ఇది ధర్మశాస్త్రము గాదు, ఒకటవ తరగతి లెక్క. మన గ్రామములలో ఈ లెక్క రానివారు ఇంకను చాలమంది కలరు.

1924లో ప్యారిసు ఒలింపిక్సునకు ఈ జట్టు పోయినప్పుడు ఐరోపావారికి వీరెవరో తెలియదు. మొదటి యాటలోనే యుగోస్లావియాను ఏడు గోళ్లతో ఓడించిరి. జట్టునాయకుడు హోసే నసాజ్జి చలువరాళ్లు చెక్కు పనివాడు. హోసే లెయాంద్రో అంద్రాదె యను నల్లజాతి ఆటగాని నేర్పు చూచి ప్యారిసు నగరము ముగ్ధమైనది. చివరి యాటలో స్విట్జర్లండును గెలిచినారు. నాలుగేండ్లకు ఆమ్‌స్టర్‌డాములో మరల గెలిచినారు. 1930లో తమ రాజ్యాంగమునకు నూఱేండ్లు నిండిన సందర్భమున తొలి ప్రపంచ కప్పును తమ రాజధానిలోనే జరుపుకొనిరి. అప్పటికి ఆ దేశ జనము ఇరువది లక్షలు లేదు. ఓడ ప్రయాణము దీర్ఘమైనందున ఐరోపానుండి నాలుగు జట్లే వచ్చినవి. చివరి యాటలో అర్జెంటీనాతో ఎవరి బంతితో ఆడవలెనను తగవు పుట్టగా, ఒక సగము వారి బంతితోను, ఒక సగము వీరి బంతితోను ఆడిరి. మొదటి సగము ముగియునప్పటికి రెండు ఒకటిగా వెనుకబడి, తుదకు నాలుగు రెండుగా గెలిచిరి. ఆ నాలుగవ గోలు వేసిన ఎక్తోర్ కాస్త్రో పదుమూడేండ్ల ప్రాయమున విద్యుత్తుఱంపముచే కుడి ముంజేయి పోగొట్టుకొన్నవాడు. అవిటివానిని మూలకు కూర్చుండబెట్టి జాలిపడుటయే ధర్మమని మనమనుకొందుము. అచ్చట వానిని ఆటకు పిలిచిరి.

1950వ సంవత్సరపు కథ లోకప్రసిద్ధము. జూలై 16వ తేదీన రియో నగరమున మరకానా యను మహాక్రీడాస్థలమున సుమారు రెండు లక్షల జనము కూడిరి. ఉరుగ్వే జనములో ఇది యించుమించు పదవవంతు! ఆనాటి పద్ధతి ప్రకారము బ్రెజిలుకు సమముగా ముగించినను కప్పు దక్కును. రెండవ సగము మొదలుకాగానే బ్రెజిలు గోలు వేసెను. అప్పుడు ఉరుగ్వే నాయకుడు ఒబ్దూలియో వరేలా బంతిని చంకనిడుకొని, తొందరపడక, రిఫరీతో వాదించుచు నడచెను. ఆ వాదము వలన గోలు రద్దుకాదని అతడెఱుగును. జనుల కేకలు చల్లారుటకే అతడు కాలము గడపెను. తరువాత స్కియాఫీనో ఒక గోలు, పదునొకండు నిమిషములు మిగిలియుండగా గిజియా ఒక గోలు వేసిరి. రెండు లక్షల మంది మాటలేక కూర్చుండిరి. గిజియా సరిగా అఱువదియైదేండ్లకు, అదే తేదీన, 2015లో మరణించెను.

ఈ విజయముకంటె దాని తరువాతి సంగతులు మా మనస్సును ఎక్కువగ పట్టినవి. ఒబ్దూలియో సమ్మెచేసిన పనివాడు. 1948లో ఆటగాండ్ర హక్కులకై జరిగిన సమ్మెకు నాయకులలో నొకడు. ఆ రాత్రి అతడు విందులకు పోక రియో వీధులలోని పానశాలలలో, ఏడ్చుచున్న బ్రెజిలు జనుల నడుమ కూర్చుండి వారితో గడపెనని చెప్పుదురు. ఓడినవాని దుఃఖము చూచి తన గెలుపును మఱచినవాడు! మఱియొక వంక బ్రెజిలు జనులు తమ గోలుకీపరు బర్బోసాను జీవితాంతము క్షమింపలేదు. అతడు నల్లజాతివాడు. పదునొకండుమంది ఓడిన యాటకు ఒక్కని తలపై నేరము మోపుట, ఆ యొక్కడు ఏ జాతివాడో చూచి మోపుట, మనకు తెలియని విద్య గాదు.

ఆ 1950 ప్రపంచ కప్పులో మన భారత జట్టునకును చోటు దొరకినది, మనవారు పోలేదు. పాదరక్షలు లేక ఆడనీయమనుటచే పోలేదను కథ వ్యాపించినది. దూరప్రయాణము, సాధనకు వ్యవధి చాలమి, ఒలింపిక్సే ముఖ్యమను నాటి అధికారుల తలపు, ఇవి అంతకంటె నమ్మదగిన కారణములు. ఆ తరువాత మన జట్టును తీర్చిదిద్దినవారు హైదరాబాదువాసులగు సయ్యదు అబ్దుల్ రహీముగారు. వారును వృత్తిచే ఉపాధ్యాయులే. 1951, 1962 ఆసియా క్రీడలలో బంగారు పతకములు, 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము వారి శిక్షణ ఫలములు. చివరి పతకమునాటికి వారు పుట్టకుఱుపు వ్యాధితో బాధపడుచుండిరి, 1963లో గతించిరి. వారి తరువాత మన ఫుట్‌బాలు అంత యెత్తునకు మరల పోలేదు. ఉరుగ్వేలో ఒక పంతులు పోగా బడి మిగిలినది. మనకు పంతులు పోగా ఏమి మిగిలినదో చదువరులే చెప్పవలెను.

ఇంతవఱకు పొగడితిమి. దోషములను దాచుట పంతులు పని గాదు. 2010 జూలై 2వ తేదీన దక్షిణాఫ్రికాలో ఉరుగ్వేకును ఘానాకును ఆట జరిగినది. మన గడియారములలో అది అర్ధరాత్రము. మేము మేలుకొని చూచితిమి. అదనపు సమయమున చివరి నిమిషమున గోలులోనికి పోవుచున్న బంతిని లూయిస్ సువారెస్ చేతితో ఆపెను. రిఫరీ వానిని వెలుపలికి పంపి ఘానాకు పెనాల్టీ ఇచ్చెను. ఆ తన్ను అడ్డుకఱ్ఱకు తగిలి పోయినది. తుదకు గెలిచినది ఉరుగ్వే.

మఱునాడు శనివారము. తరగతిలో పిల్లలకు ఇదియే ముచ్చట. మేము పాఠము ప్రక్కకు పెట్టి వాదింపుడంటిమి. ఒక బాలుడు "మాస్టారూ, తప్పు చేసినాడు, ఎఱ్ఱకార్డు తిన్నాడు. శిక్ష అయిపోయింది గదండీ" అనెను. ఎప్పుడును నోరు విప్పని యొక బాలిక లేచి "శిక్షకు సిద్ధపడి చేస్తే తప్పు ఒప్పవుతుందా అండీ? డబ్బున్నవాడు జరిమానా కట్టి ఏమైనా చేయవచ్చునా?" అని యడిగెను. తరగతి నిశ్శబ్దమైనది. మేము గదాయుద్ధమును జ్ఞాపకము చేసితిమి. నాభికి దిగువ కొట్టరాదని యెఱిగియే భీముడు తొడలు విఱుగగొట్టెను, బలరాముడు కోపించి లేచెను, పాండవులు గెలిచిరి. వేల యేండ్లుగా మనవారు ఆ గెలుపును చదువుచునే యున్నారు, ఆ దెబ్బను గూర్చి వాదించుచునే యున్నారు. నీతిపాఠపు పుస్తకములో ఒక సంవత్సరము చెప్పినను రాని వివేకము ఆ ముప్పావుగంటలో ఆ పిల్లలకు కలిగినదని మా నమ్మిక. మా యభిప్రాయ మడిగిన, ఆ బాలిక పక్షమే మా పక్షము. అదే సువారెస్ 2014లో ఇటలీ ఆటగానిని కొఱికి తొమ్మిది అంతర్జాతీయ ఆటలకును నాలుగు మాసములకును బహిష్కృతుడయ్యెను.

ఆటస్థలమున సమత్వము దొరకినంత మాత్రమున బ్రదుకున సమత్వము దొరకినదనుకొనరాదు. ప్యారిసు మెచ్చిన అంద్రాదె 1957లో మాంటివిడియోలో పేదఱికమున చనిపోయెను. బంతితో నున్నంతసేపు భుజమెక్కించుకొని, బంతి వదలినంతనే మఱచుట కూడ ఒక అస్పృశ్యతయే. ఆ దేశపు ఆడువారి జట్టునకు 2023 వఱకు జరిగిన ఏ ప్రపంచ కప్పులోను చోటు దొరకలేదు. స్త్రీలకు 1932లోనే ఓటు హక్కునిచ్చిన దేశము బంతి నిచ్చుటకు మాత్రము వెనుకాడినది.

పాలకులు ఆటను తమ సొంతమునకు వాడుకొనుటయు కలదు. 1973 నుండి 1985 వఱకు ఆ దేశమున సైనికప్రభుత్వము నడచెను. వారు 1980 నవంబరులో తమ అధికారము స్థిరపఱచుకొనుటకు క్రొత్త రాజ్యాంగమును ప్రజల ముందు పెట్టిరి. దాని వెంటనే, పూర్వము ప్రపంచ కప్పు గెలిచిన దేశములను పిలిచి మాంటివిడియోలో ఒక పోటీయును ఏర్పాటుచేసిరి. ప్రజలు రాజ్యాంగమును తిరస్కరించిరి. కొన్ని వారములకు వారి జట్టు ఆ పోటీలో గెలిచినది. ఆటను ప్రేమించుట వేఱు, ఆట చూపి మోసగించువానిని నమ్ముట వేఱని ఆ జనులెఱుగుదురు. వరేలా పెట్టిన బడులలో చదివినవారు గదా!

నిన్న మొన్నటివఱకు ఈ జట్టును నడపినవాడు బడిపంతులని మొదట చెప్పితిమి. ఆయన ఓస్కార్ తబారెస్. ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడుగా నుండెను గనుక ఆ దేశమంతయు ఆయనను మాస్టరనియే పిలుచును. 2006 నుండి 2021 వఱకు జాతీయజట్టునకు శిక్షకుడు. పెద్దవారిని, చిన్నవారిని వేర్వేఱుగ చూడక, బాలుర జట్టునుండి పెద్ద జట్టువఱకు ఒకే క్రమమున పెంచెను. పిల్లలకు నడవడి, చదువు, ఎదుటివాని యెడ మర్యాద నేర్పవలెనని పట్టుపట్టెను. గమ్యముకంటె దారియే ఫలమను భావము ఆయన బోధలో ముఖ్యము. 2010లో ప్రపంచమున నాలుగవ స్థానము, 2011లో ఖండపు కప్పు ఆ క్రమమునకు దక్కినవి. తరువాత నరముల వ్యాధిచే నడక కష్టమైనను, చేతికఱ్ఱ ఊని ఆటస్థలమునకు వచ్చెడివాడు. మేమా దృశ్యమును చూచినప్పుడెల్ల, మా వృత్తి యెడ మాకు మఱికొంత గౌరవము కలిగినది.

ఇప్పుడు సభలో మమ్మడిగిన పెద్దమనిషికి మా జవాబు. అయ్యా, ఆటలాడుటచే ఉరుగ్వే బాగుపడినదని మేమనుట లేదు. బాగుపడవలెనని పూనుకొన్న దేశము తన బిడ్డలకు బడితోపాటు ఆటస్థలమును కూడ ఇచ్చినది. గెలుపులు ఆ వెనుక వచ్చినవి. మీరు తీసివేయుమనుచున్న మూడు గంటలలో మా పాఠశాలలో ఏమి జరుగుచున్నదో మీరు చూడలేదు. తరగతిలో ఒకే వీధివారు ఒకే బల్లపై కూర్చుందురు. మేమెంత మార్చినను రెండు దినములకు మరల ఆ చోటికే చేరుదురు. బంతి పడినప్పుడు మాత్రము ఏ వీధివాడైనను బాగుగ తన్నువానికే బంతి నందింతురు. దాహమైనప్పుడు ఒకే సీసా నీరు చేతులు మాఱును. ఇది మేము ముప్పది యుపన్యాసములు చేసి సాధింపలేని పని. లెక్కలు సాయంకాలము చెప్పుటకు మేమును మా సహోపాధ్యాయులును సిద్ధముగ నున్నాము, జీతమక్కఱలేదు. ఆ నీటిసీసాను మాత్రము సాయంకాలపు తరగతిలో పుట్టింపలేము.

మఱియొక మాట. ఆ మూడు గంటలలో ఆడుపిల్లలు ఇప్పటివఱకు గోడప్రక్క నిలిచి చూచుచున్నారు. ఆటగంటను తీసివేయుమని విన్నపము తెచ్చిన తల్లిదండ్రులను మేము వేఱొక విన్నపము తెమ్మని కోరుచున్నాము: తమ కూతుండ్రకును బంతి ఇయ్యవలెనని. నాడు జరిమానాను గూర్చి ప్రశ్నించిన బాలిక నేడు పెండ్లియై తల్లియైనది. ఆమె కూతురు వచ్చే యేడు మా బడిలో చేరబోవుచున్నది. ఆ పిల్ల గోడప్రక్క నిలువరాదని మా కోరిక. వచ్చే నెల సభ మరల కూడును. చదువరులలో తల్లిదండ్రులగువారు తమ తమ ఊళ్ల బడులలో ఆటస్థలమున్నదా, ఉన్నచో ఎవరాడుచున్నారు, ఎవరు చూచుచున్నారు అని ఒక్కమాఱు పోయి చూచి రావలెనని ప్రార్థించుచున్నాము.